నేను పెట్టిన పదిహేను రోజుల గడువు

ముప్పై నాలుగేళ్లు పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేశాను. నాకు ముక్కు మీద కోపం అని నాతో పనిచేసిన వాళ్లంతా ఒప్పుకుంటారు. చెయ్యి మాత్రం మెత్తన అని కొందరే ఒప్పుకుంటారు. ఇప్పుడు సైనిక్‌పురిలో మా ఇంటి వరండాలో కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన సిస్టర్లు ఆదివారం చర్చి అయ్యాక వచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు చెప్పండి" అంటారు. వాళ్లకు కావాల్సింది ఊపిరి ఆగిపోయి మళ్లీ వచ్చిన బిడ్డల కథలు. అలాంటివి నా దగ్గర లేకపోలేదు. కానీ నేను చెప్పేది ఎప్పుడూ ఒక పాప చర్మం సంగతే. అందులో ఎవరి ప్రాణమూ పోయేది కాదు. పోయింది నా పరువు ఒక్కటే. పోయినందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఒక డిసెంబరు మొదట్లో జరిగింది ఇది. మా ఆసుపత్రి సికింద్రాబాద్‌లోనే. పేరెందుకు లెండి. వారానికి ఒక పూట చంటిపిల్లల చర్మం జబ్బులు చూసే ఓపీ ఉండేది. ఆ ఓపీ చూసే డాక్టరమ్మ చిన్నపిల్ల, నా కూతురి వయసు. చాలా ఓపికస్తురాలు. పిల్లని తీసుకొచ్చిన వాళ్లని ఏమేం అడగాలో ఒక అట్టముక్క మీద రాసి నా బల్ల మీద అంటించింది. స్నానం ఎవరు పోస్తారు, నీళ్లు ఎంత వేడి, సబ్బేమిటి, పిండి రుద్దుతారా, నూనె ఏది, ఒంటి మీద ఏం బట్టలు, ఇంట్లో సాంబ్రాణి వేస్తారా, ఇలా వరసగా.

"సిస్టర్, ఒకటి దొరికింది కదా అని మధ్యలో ఆగొద్దు. చివరిదాకా అడగండి" అని చెప్పింది.

"అలాగే డాక్టర్" అన్నాను. ఈమె పుట్టకముందు నుంచీ పిల్లల్ని చూస్తున్నదాన్ని, నాకు అట్టముక్కా అని లోపల అనుకున్నాను. అనుకున్నది ముఖంలో కనబడకుండా దాచడం నాకు ఎన్నడూ చేతకాలేదు. పక్కన కూర్చున్న జూనియర్ సిస్టర్ నన్ను చూసి నవ్వు ఆపుకుంది.

ఆ రోజు వచ్చారు అత్తా కోడళ్లు. అత్తగారు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో టమాటాలు టోకున అమ్ముతుంది. నుదుటిన ఇంత బొట్టు, మార్కెట్ గోలలో కూడా అవతలి కొసకి వినబడే గొంతు. ఆమె నోరు తెరవగానే బల్లల మీద కూర్చున్న వాళ్లు వాళ్లంతట వాళ్లే జరిగి చోటిచ్చారు. కోడలికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. ముఖం పీక్కుపోయి ఉంది. ఒళ్లో ఐదు నెలల పాప.

"ఏమైందమ్మా పాపకి?" అని కోడలిని అడిగాను. అత్తగారు జవాబిచ్చింది.

"ఏం గావాలె సిస్టరమ్మా! బుగ్గలు చూడు, మోచేతులు చూడు, గిట్ల ఎర్రగయ్యి నీళ్లు గార్తున్నయ్. గోక్కునుడే గోక్కునుడు. పొల్లకు నిద్ర లేదు, ఇంట్ల ఎవ్వలకు నిద్ర లేదు. మస్తు పరేషాన్ అయితున్నం. మా కోడలి పాలు పడ్తలేవు దీనికి. ఆ పాలల్లనే ఉన్నది అంతా."

"పాలల్లో ఏముంటుందమ్మా?"

"వేడి! అందుకే పథ్యం పెట్టిన. వంకాయ బంద్, పప్పు బంద్, పులుపు బంద్. అన్నం, ఎల్లిపాయ కారం, గంతే. అయినా తగ్గలే. ఇగ పాలే బంద్ జేసి డబ్బా పాలు పోస్త."

కోడలు పాపని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఐదు నెలల పసిదాన్ని తల్లి పాల నుంచి విడదీస్తారా! పాలు ఇచ్చే తల్లికి కారం మెతుకులా!

అట్టముక్క వైపు చూసి మొదటి ప్రశ్న అడిగాను. "స్నానం ఎవరు పోస్తారు?"

"మా గల్లీల అవ్వ ఉన్నది. మా కొడుక్కు సుత ఆమెనే పోసింది. గల్లీల పొల్లగాళ్లందరికి ఆమెనే."

"పిండి పెట్టి రుద్దుతుందా?"

"రుద్దకపోతే నూగెట్ల పోతది?"

దొరికింది దొంగ అనుకున్నాను. నా సర్వీసులో ఎన్ని చూడలేదు! మరిగే నీళ్లు, గరుకు పిండి, మీగడ రాసి లాగి లాగి రుద్దడం, మెత్తటి చర్మం గీసుకుపోయి పిల్లలు గుక్కపట్టి ఏడవడం. ఇలా స్నానాలు పోసే ముసలమ్మలంటే నాకు మొదటి నుంచీ పడదు. కోడలు మెల్లిగా, "లేదు సిస్టర్, ఇప్పుడు అవ్వ..." అని ఏదో చెప్పబోయింది. అత్త ముందు భయపడి ఆ ముసలమ్మని వెనకేసుకొస్తోంది అనుకుని, "నువ్వుండమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట గొంతులోనే నొక్కేసింది నేనే. ఆ పిల్ల నోట ఆ రోజు ఇంకో మాట రాలేదు.

జూనియర్ సిస్టర్ అట్టముక్క మీద వేలు పెట్టి, "మేడమ్, నూనె, బట్టలు అడగలేదు" అంది.

"దొంగ దొరికాక ఊరంతా సోదా చేస్తారా?" అన్నాను. ఆ మాటకి నేనే మురిసిపోయాను కూడా.

అత్తగారి వైపు తిరిగి చెప్పాను. "చూడమ్మా, పాలది తప్పు కాదు. స్నానానిది. రేపటి నుంచి ఆ అవ్వని గడప తొక్కనివ్వొద్దు. డాక్టరమ్మ రాసే మందు రాయండి. పదిహేను రోజుల్లో పాప ఒళ్లు నిమ్మళించకపోతే అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. అంతవరకు తల్లి పాలు మాన్పించడానికి వీల్లేదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పదిహేను దినాలు. మాటేనా?"

"మాటే."

బేరం కుదిరినట్టు తలూపింది. కోడలు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. ఆ పదిహేను రోజుల మీద ఆ తల్లి తన ఆశలన్నీ పెట్టేసుకుంది. నేను మాత్రం ఆ మాట ఎంతో చులాగ్గా ఇచ్చేశాను.

ఇంకో పని కూడా చేశాను. డాక్టరమ్మ చూసి పంపాక, పరీక్ష కోసం విప్పిన బట్టలు మళ్లీ తొడిగేలోపు పాప చలికి వణికింది. ప్రతి ఏడూ క్రిస్మస్‌కి మా ఓపీ పిల్లలకి స్వెట్టర్లు అల్లి ఇవ్వడం నాకు అలవాటు. సంచిలో ఒకటి సిద్ధంగా ఉంది, బచ్చలిపండు రంగుది. తీసి, నా చేత్తోనే తొడిగాను. అత్తగారి ముఖం చాటంత అయింది. "సిస్టరమ్మ తన చేతులతోని అల్లింది!" అని పక్కవాళ్లకి కూడా చూపించింది.

అంతకుముందు డాక్టరమ్మ పాపని చూసి, ఇది పుట్టుకతో వచ్చే చర్మం తీరు, ఎవరి తప్పూ కాదు, తొందరగా పొడిబారుతుంది, దేనికైనా రేగుతుంది అని నెమ్మదిగా చెప్పింది. ఎర్రగా ఉన్నచోట కొన్నాళ్లు రాయడానికి ఒక మందు, ఒళ్లంతా రోజూ మూడుసార్లు రాయడానికి తేమ నిలిపే క్రీము రాసిచ్చింది. వాళ్లు వెళ్లిపోయాక నా గడువు సంగతి జూనియర్ చెబితే విని తల పట్టుకుంది.

"సిస్టర్, ఇది తగ్గి మళ్లీ వచ్చే జబ్బు. గడువు ఎందుకు పెట్టారు?"

"లేకపోతే ఈపాటికి డబ్బా పాలు పట్టేసేది డాక్టర్" అన్నాను. అదీ నిజమే. మంచికే అన్నాననే ధీమాతో ఆ వారమంతా తలెత్తుకుని తిరిగాను.

పదిహేనో రోజు వాళ్లు రాలేదు. జూనియర్ చేత ఫోన్ చేయించి, నేనే తీసుకున్నాను.

"ఎందుకొచ్చుడు సిస్టరమ్మా?" అంది అత్తగారు. ఆ గొంతులో ఈసారి అరుపు లేదు. అరిచినా బాగుండును అనిపించింది. "తక్కువైతదంటివి. మూతి జెర నయమైంది గాని, ఒళ్లంత ఇంక ఎక్కువైంది. అవ్వను మళ్ల పిలిచిన. డబ్బా తెచ్చిన. ఇయ్యాలటికెల్లి తల్లి పాలు బంద్."

డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి అయిపోయింది. మా ఇంటికి బోయిన్‌పల్లి పూర్తిగా ఎదురు దారి. ఆటో ఎక్కి, దారి పొడుగునా ఆ ముసలమ్మని ఎలా కడిగెయ్యాలో మాటలు పేర్చుకుంటూ పోయాను. మార్కెట్ వెనక గల్లీ. అప్పటికి బేరాలు అయిపోయి, ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. టమాటాల వాసన. అత్తగారు గుమ్మంలోనే ఉంది. లోపల ఫ్రిజ్ మీద పాల డబ్బా, పక్కనే ఉడకబెట్టి ఆరబెట్టిన సీసా. కోడలు వంటగది తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

స్నానాల గదిలోంచి నీళ్ల చప్పుడు. పోయి చూస్తే, చిన్న పీట మీద కాళ్లు చాపుకుని కూర్చున్న ఒక బక్క ముసలమ్మ. చాపిన కాళ్ల మీద పాప.

"నిన్ను రావొద్దన్నాను కదా!" అని గట్టిగానే అరిచాను.

ఆమె తలెత్తి చూసింది. డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. బెదరలేదు, కోపం తెచ్చుకోలేదు. "ఒర్లకు సిస్టరమ్మా, పొల్ల దడుసుకుంటది. గీడ కూసో. తలుపు దగ్గరికెయ్యి" అంది.

ఎందుకో వేశాను. వంగి నీళ్లలో వేలు పెట్టాను, గోరువెచ్చగా ఉన్నాయి. చుట్టూ వెతికాను. పిండి లేదు, సబ్బు లేదు. ఒక చిన్న గిన్నెలో కొబ్బరినూనె, దాని పక్కనే డాక్టరమ్మ రాసిన క్రీము. పాప ఏడవడం లేదు. ఆ ముసలమ్మ అరచెయ్యి వీపు మీద ఎంత తేలిగ్గా పోతోందంటే, ముప్పై ఏళ్లకు పైగా పిల్లల్ని ముట్టుకున్న నాకు కూడా అలా రాదు.

"పిండి ఏది?" అన్నాను.

"పిండి దసర కాడికెల్లే బంద్ పెట్టిన. దీని తోలు వేరే అని నాకు ఎరుకైంది. నీళ్లు, నూనె, గంతే. కోడలికి ఎరుకే. పొద్దంత దుకాణం కాడ ఉండే అత్తకు ఎరుక లేదు. నువ్వు నన్ను పిలిచి అడగకపోతివి."

ఓపీలో ఆ కోడలు చెప్పబోయింది ఇదే అన్నమాట.

"ఇగ చూడు" అని ఆమె పాపని మెల్లిగా తిప్పింది. "మూతి నయమైంది, ఎందుకు? మందు పని చేసింది. లంగోటి కట్టిన కాడ చూడు, తోలు వెన్న లెక్క ఉన్నది. మెడ చుట్టు చూడు. మణికట్ల కాడ చూడు. చంకలు చూడు." మెడ చుట్టూ దండ వేసినట్టు ఎర్రటి గీత. రెండు మణికట్ల దగ్గరా గాజులు తొడిగినట్టు. ఛాతీ, వీపు అంతా రేగి ఉంది. నడుము దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది.

అప్పుడు గోడకున్న మేకు వైపు చూపించింది. బచ్చలిపండు రంగు స్వెట్టర్ వేలాడుతోంది.

"పగలు అదే, రాత్రి అదే. లోపట బట్ట సుత లేదు. సిస్టరమ్మ ఇచ్చిందని ఇడుస్తలేరు. జెర నీ మెడకు రాసుకో."

రాసుకున్నాను. ఆ ఊలు నేను ఎంచి కొన్నది, ఆ కుట్లు నేను వేసినవి. మెడ మీద రెండు క్షణాలు పెట్టేసరికి చురచురమంది. చెమటకి తడిసి ఆరి, గట్టిపడి, గడ్డిలా గుచ్చుకుంటోంది. యాభై ఆరేళ్ల నా మొరటు చర్మానికే అలా ఉంటే! నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిజం చెబుతున్నాను, ఆ తడి నేల మీద కూలబడి ఏడ్చాను.

"ఏడువకు" అంది అవ్వ. "నీకు ఎరుకై చేసినవా?"

పాపని తుండులో చుట్టుకుని ఆమె, వెనకాల నేను, హాల్లోకి వచ్చాం. అత్తగారు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఏం సిస్టరమ్మా, చూసినవా? ఇప్పుడేమంటవ్? నీ మాట నమ్మి పదిహేను దినాలు పొల్లను సతాయించినం."

నేను నోరు తెరిచేలోపలే అవ్వ అందుకుంది. "నాదే తప్పు బిడ్డా. నేను ముందుగాల పెట్టిన పిండి సెగ ఇంక ఇడువలే. సిస్టరమ్మ చెప్పింది సరైందే. ఇంకో పదిహేను దినాలు చూడుండ్రి. పాలు బంద్ చేయకుండ్రి."

చెయ్యని తప్పు ఆమె నెత్తిన వేసుకుంటోంది, అదీ తనని గడప తొక్కనివ్వొద్దన్న దాని కోసం! ఊరుకుంటే నా గౌరవం నిలబడుతుంది. తల్లి పాలూ నిలబడతాయి. నిజం చెప్పానంటే అత్తగారు నా మాట ఇంకెందుకు వింటుంది? డబ్బా మూత ఇప్పుడే తీస్తుంది. కోడలు తలుపు పట్టుకుని నా వైపే చూస్తోంది. ఒక్క నిమిషం, మీతో అబద్ధం ఎందుకు, ఊరుకుందామనే అనుకున్నాను. మా జూనియర్ సిస్టర్ అక్కడ ఉండి ఉంటే నా ముఖం చూసి ఏమనుకునేదో.

"కాదమ్మా" అన్నాను. "అవ్వ పిండి ఎప్పుడో మానేసింది. పాప ఒళ్లు ఇలా రేగింది నేనిచ్చిన స్వెట్టర్ వల్ల. ఆ ఊలు పడలేదు. మా డాక్టరమ్మ అన్నీ అడగమంది, నేను అడగలేదు. మీ కోడలు చెప్పబోతే నోరు మూయించాను. అవ్వని ఊరికే వెళ్లగొట్టించాను. తప్పంతా నాది."

అత్తగారు నన్ను చూసింది. అవ్వని చూసింది. పోయి మేకు మీది స్వెట్టర్ తెచ్చి చేత్తో నలిపి చూసింది. "దేవుని ప్రసాదం లెక్క తొడిగినం గదా సిస్టరమ్మా. కరాబైతదని నీళ్లల్ల ఏసి పిండను సుత పిండలే" అంది. ఆమె తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

స్వెట్టర్ పక్కన పెట్టి అడిగింది. "అంటే పాలల్ల ఏం లేదా?"

"ఏమీ లేదమ్మా. పథ్యమూ అక్కర్లేదు. తల్లి కడుపునిండా తిని పాలిస్తే చాలు."

"మళ్ల ఎర్రగైతే?"

"అవుతుంది. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా చూసుకోవాలి. ఈసారి గడువు మాత్రం పెట్టను."

ఆమె ఎప్పుడు అరుస్తుందా అని చూస్తున్నాను. ఆమె కుర్చీ లాగి నా వెనక వేసింది. "కూసో. నేను ముప్పై ఏండ్ల నుంచి దందా చేస్తున్న. అందరు పైన ఎర్రటియి పెట్టి, మంచి మాల్ అని ఒట్టు పెడ్తరు. అడుగున మురిగినయి ఉన్నయని ముందుగాల చెప్పెటోడు వందల ఒక్కడుంటడు. వాని కాడ నేను కళ్లు మూసుకుని కొంట."

తర్వాత కోడలి వైపు తిరిగింది. గొంతు మళ్లీ మార్కెట్ గొంతు అయింది. "ఏందే, గట్ల నిలబడ్డవ్? పొల్ల ఆకలికి ఏడుస్తున్నది, వినబడ్తలేదా? పట్టు, పాలియ్యి. నేను పప్పు ఎస్త, తిందువు."

కోడలు పాపని అందుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. పాప ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆ అమ్మాయి భుజాలు మాత్రం చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత చేసినవన్నీ చిన్న పనులే. కోడలి పాత నూలు చీర చింపి లోపల తొడగడానికి మెత్తటి చొక్కాలు కుట్టారు. గోరువెచ్చటి నీళ్లతో తొందరగా స్నానం ముగించి, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే అవ్వే తన చేత్తో క్రీము రాసేది. నెల తిరిగేసరికి పాప ఒళ్లు నిమ్మళించింది. ఎండాకాలంలో మళ్లీ రేగింది, డాక్టరమ్మ చెప్పినట్టే మళ్లీ తగ్గింది. ఈసారి ఎవరూ తల్లి పాలని అనలేదు. నేను అట్టముక్క మీద ఉన్నవన్నీ ప్రతి తల్లినీ చివరిదాకా అడగడం మొదలుపెట్టాను. జూనియర్ సిస్టర్ నవ్వితే నవ్వనిచ్చాను. డాక్టరమ్మకి జరిగింది జరిగినట్టు చెబితే, నన్ను ఒక్క మాట అనకుండా, "ఆ అవ్వ మన ఓపీకి వస్తుందా?" అంది. వచ్చింది. రెండు మూడుసార్లు వచ్చి, పసిపిల్లల ఒంటి మీద చెయ్యి ఎలా వెయ్యాలో తల్లులకి చూపించింది. మేము అందరం నిలబడి చూశాం. ఇప్పుడు కూడా అల్లుతాను కానీ, నూలుతోనే.

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. ఓపీకి వచ్చిన ఒక రోజు, క్యాంటీన్‌లో అవ్వకి టీ ఇప్పించి, నన్ను తొలుస్తున్నది అడిగేశాను. "నేను నీ పని పోగొట్టాను కదా అవ్వా. ఆ రోజు తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

ఆమె టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"నా పని పోతే ఇంకో ఇల్లు దొరుకుతది సిస్టరమ్మా. నీ మాట పోతే ఆ పొల్లకు పాలు పోతుండె."